గుర్రం కాలికి ఎవరి సలహా?

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ గుర్రపు గిట్టల గురించి మాట్లాడతానంటే మీకు నవ్వు రావచ్చు. "పొయ్యి మీద పప్పు మాడుతోంటే గుర్రం గొడవ మనకెందుకమ్మా!" అనే వాళ్ళూ ఉంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేదాన్ని. కానీ ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల గుర్రపుస్వారీ నేర్పే చోట్లు వెలిశాయి. ఆదివారం తెల్లవారేసరికి పిల్లలు బూట్లు తొడుక్కుని తయారు. వాళ్ళతోపాటు గుర్రం కబుర్లు కూడా మన ఇళ్ళల్లోకి వచ్చేశాయి.

మా మరిది పందేలు మానేసిన ఒక ఆడగుర్రాన్ని కొని, ఊరి బయట తన తోటలో ఉంచాడు. దాని పేరు గౌరి. మా అమ్మాయికి అదంటే ప్రాణం. గౌరి కాళ్ళకు మొదటినుంచీ లాడాలున్నాయి. అయితే మేకులు దిగిన చోటల్లా గిట్ట పెళుసెక్కి, పెచ్చులూడి, నెల తిరగకుండానే లాడం ఊడిపోతుండేది. "వదినా, లాడాలే లేకుండా గుర్రాన్ని పెంచవచ్చట. ఫోనులో ఎన్ని వీడియోలున్నాయో!" అన్నాడు మా మరిది ఒకరోజు.

అందులో అబద్ధం లేదండీ. ఇది నిన్నమొన్నటి మాట కూడా కాదు. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు దేశపు జెనొఫన్, గుర్రం నిలబడే చోట గుండ్రాళ్ళు పరిస్తే గిట్టలు గట్టిపడతాయని రాశాడు. మన కాలంలో అమెరికాలో జేమీ జాక్సన్ అనే ఆయన, స్వయంగా లాడాలు కొట్టే వృత్తిలో ఉన్నవాడే, 1982 నుంచి 1986 దాకా గ్రేట్ బేసిన్ అనే ఎడారి ప్రాంతంలో అడవి గుర్రాల కాళ్ళు పరిశీలించాడు. లాడాలు లేకుండానే వాటి గిట్టలు ఎంత దృఢంగా ఉన్నాయో వివరిస్తూ 1992లో పుస్తకం ప్రచురించాడు. ఆ తర్వాత ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది.

కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ అడవి గుర్రాలు పొడి నేల మీద, రాళ్ళ మీద రోజూ మైళ్ళకు మైళ్ళు తిరుగుతాయి. మన గుర్రమో, శాలలో తడి గడ్డి మీద నిలబడి ఉంటుంది. దానికి పనికొచ్చింది దీనికీ ఉన్నపళంగా పనికొస్తుందా? ఈ ప్రశ్న అప్పుడు మాకు తోచలేదు.

మా మరిది ఒక యువకుణ్ణి పిలిపించాడు. మాట చక్కెర. చేతిలో సర్టిఫికెట్టు. వచ్చీరాగానే నాలుగు లాడాలూ ఒక్కపూటలో ఊడబెరికాడు. గిట్ట అడుగు భాగాన్నీ, మడమనీ బాగా లోతుకు చెక్కేశాడు. మర్నాటికి గౌరి అడుగు తీసి అడుగు వేయలేదు. ముందుకాళ్ళు చాచిపెట్టి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. ఫోను చేస్తే ఆయన ఏమన్నాడో తెలుసా? "నొప్పి ఉందంటే నయమవుతున్నట్టే. పాత చెడు అంతా దిగిపోతోంది" అన్నాడు.

మేం నమ్మాం. నేనే ముందు నమ్మాను. "అంత తెలిసినవాడు చెబుతున్నాడు, ఓపిక పట్టండి" అని మా మరిదికి సర్దిచెప్పింది కూడా నేనే. పదహారు రోజులు అలాగే గడిచాయి. చివరికి మా అమ్మాయే, పన్నెండేళ్ళది, గౌరి కాలి మీద చెయ్యి వేసి చూసి అంది: "అమ్మా, కాలు కాలిపోతోంది. నొప్పిగా ఉందని గౌరి చెబుతూనే ఉంది కదా, మనం ఆయన మాటెందుకు వింటున్నాం?" నా దగ్గర జవాబు లేకపోయింది.

పశువైద్యురాలిని పిలిపించాం. ఆ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, గిట్ట అడుగు బాగా పలచబడిందని చెప్పారు. ఆవిడ చెప్పిన మాటలు మీకూ చెబుతాను. గిట్ట పైభాగం మన గోరులాంటిదే, కోస్తే నొప్పి తెలియదు. లోపల మాత్రం రక్తం, నరాలు, ఎముక ఉంటాయి. గోరు చివర కత్తిరించడం వేరు, చిగురు దాకా కత్తిరించడం వేరు కదండీ! గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. పై అంచు నుంచి కాలిమొన దాకా కొత్త గిట్ట దిగిరావడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఏడాది పని ఒక్కపూటలో చేస్తాననేవాణ్ణి మనం మొదటిరోజే అనుమానించాల్సింది.

గౌరికి మెత్తటి ఇసుక పరిచాం. కాళ్ళకు మెత్తలు కట్టాం. పాతగా లాడాలు కొట్టే సాయిబుగారిని మళ్ళీ బతిమాలి పిలిపించాం. ఆయన రాగానే "లాడాలు కొట్టేద్దాం" అన్నారు. "ఇంత పలచని గిట్టకు ఇప్పుడు మేకులు వద్దు" అన్నారు డాక్టరమ్మ. ఆయన కాలెత్తి చూసి, కాసేపు ఆలోచించి, "మీరన్నదే నిజం, ఆగుదాం" అన్నారు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి అలా అన్నారంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అయిదు వారాలకోసారి వచ్చి, నడిపించి చూసి, ఆకురాయితో కొంచెం కొంచెం మాత్రమే అరగదీసి వెళ్ళేవారు.

ఏడాది తిరిగేసరికి గౌరికి కొత్త గిట్టలు వచ్చాయి. ఇప్పుడు లాడాలు లేకుండానే తోటంతా తిరుగుతోంది. రాళ్ళదారిన దూరం వెళ్ళాలంటే మాత్రం గిట్టకు తొడిగే బూట్లు వేస్తాం. పక్కతోటలోని గుర్రం లాడాలతోనే హాయిగా ఉంది. కాబట్టి లాడం మంచిదా, వట్టికాలు మంచిదా అన్న తగువు నేను తీర్చబోవడం లేదు. సలహా ఇచ్చేవాళ్ళలో ఎవర్ని నమ్మాలో, అది మాత్రం మేం పోగొట్టుకుని నేర్చుకున్నాం. చెబుతాను వినండి.

మొదటిది, కత్తి పట్టేముందు గుర్రాన్ని నడిపించి చూశాడా? పాదం నేలకు తాకేటప్పుడు మడమ ముందు ఆనడమో, పాదమంతా సమంగా ఆనడమో మంచిది. మొన ముందు ఆనుతోందంటే మడమలో నొప్పి ఉండవచ్చు. నడక చూడకుండా గిట్ట కోసేవాడు, నాడి చూడకుండా మందిచ్చే వైద్యుడి లాంటివాడు.

రెండోది, మేత గురించి అడిగాడా? ప్రేమకొద్దీ మనం గింజలూ బెల్లమూ పెట్టేస్తాం. అవి మోతాదు మించితే గిట్టలోపల ఎముకను పట్టి ఉంచే పొరలు వాచిపోతాయి. లామినైటిస్ అంటారు. మేత మార్చకుండా గిట్ట ఎంత నేర్పుగా చెక్కినా అది కుదురుకోదు. అలాగే శాల శుభ్రం గురించీ అడగాలి. గిట్ట అడుగున మధ్యలో రబ్బరు ముక్కలా మెత్తటి భాగం ఒకటుంటుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎందుకో "కప్ప" అంటారు. శాల తడిగా, మురికిగా ఉంటే అది నల్లబడి, కుళ్ళి, వాసన వేస్తుంది.

మూడోది, "మీ పద్ధతి పనిచేయకపోతే మాకెలా తెలుస్తుంది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలు. నెమ్మదస్తుడు "ఫలానా వారానికి ఇలా ఉండాలి, లేకపోతే నన్ను పిలవండి" అంటాడు. రెండోరకంవాడు, గుర్రం బాగుంటే తన ప్రతిభ అంటాడు, కుంటితే అదీ తన ప్రతిభే అంటాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా!

నాలుగోది, పశువైద్యుల పేరెత్తితే చిరాకు పడుతున్నాడా? ఎక్స్‌రే చూద్దామంటే వద్దంటున్నాడా? అక్కడే నమస్కారం పెట్టి పంపేయండి.

అయిదోది, అతను ఏడాదికి పైగా చూస్తున్న గుర్రాలను చూపించమనండి. ఫోటోలు కాదు, గుర్రాలను. వాటి యజమానులతో మాట్లాడండి. సర్టిఫికెట్టు ఒక్కటే చూసి మోసపోకండి. బ్రిటన్‌లో లాడాలు కొట్టేవాళ్ళు పేరు నమోదు చేసుకోవాలని 1975లోనే చట్టం వచ్చింది. కానీ లాడం లేని గిట్టను ఊరికే కత్తిరించే పని ఆ చట్టం కిందికి రాదు. అంత కట్టుదిట్టం చేసిన చోటే ఇలా ఉంటే, ఎక్కడైనా సరే మన జాగ్రత్త మనకుండాలి కదా.

ఇక మన చేతిలో ఉన్న పరీక్ష ఒకటుంది. గిట్టకు కాస్త పైన, కాలు సన్నబడిన చోట వెనకవైపు వేలు ఆనిస్తే నాడి తెలుస్తుంది. బాగున్న గుర్రానికి అది అందీ అందనట్టు ఉంటుంది. దడదడ కొట్టుకుంటూ, గిట్ట వేడిగా ఉంటే లోపల వాపు ఉన్నట్టు. వెంటనే డాక్టరుకు కబురు చేయాలి. పిల్లల జ్వరం చేత్తో చూసి చెప్పే మనకు ఇది కష్టమా చెప్పండి?

వచ్చే ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో స్వారీకి పంపేటప్పుడు మీరూ వెంట వెళ్ళండి. పిల్ల ఎక్కకముందు ఆ గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి చూపించమనండి. కుంటుతుంటే "ఎందుకు కుంటుతోంది?" అని అడగండి. "మామూలేనమ్మా" అన్న జవాబుతో ఊరుకోకండి. నేను పదహారు రోజులు ఊరుకున్నాను. గౌరి నన్ను చూసి ఇప్పటికీ సకిలిస్తూ దగ్గరికొస్తుంది. దానికి గుర్తుందో లేదో గాని, నాకు మాత్రం గుర్తుంది.