పసిపిల్లలతో వేసవి విడిది
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిని చేయి కడుక్కోక ముందే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఈ సెలవులకు ఎక్కడికి పోదాం?" అని. పంచాంగ శ్రవణంలో ఆదాయం కంటే వ్యయమే ఎక్కువని విన్న తండ్రికి ఆ ప్రశ్న మరింత బరువుగా తోస్తుంది. మేము రైల్వేలో టిక్కెట్ల లెక్కలతో పొద్దు గడిపే గుమాస్తాలము గనుక, ఈ విషయమై నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు ఆదేశించారు.

వేసవిలో ఊరు విడిచి కొండమీద విశ్రాంతి తీసుకోవడం ఇంగ్లీషు దొరలు మనకు నేర్పిన అలవాటు. మన పెద్దలు ఊరు కదిలితే పెళ్ళికో, పుష్కరాలకో, పుట్టింటికో కదిలేవారు. బళ్ళారి దండులో ఉన్న దొరసిపాయిలు ఈ ఎండకు తాళలేకపోతే, 1840ల నాటికి మన పక్కనే ఉన్న సండూరు కొండలలో రామనదుర్గం మీద వారికి ఆరోగ్య విడిది ఏర్పడింది. దాని ఎత్తు 3,000 అడుగులకు పైమాటే. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819 నుంచి నీలగిరుల మీద దృష్టి పెట్టి ఉదకమండలాన్ని పెంచాడు. కడప కలెక్టరు హార్స్లీ మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండమీద బంగళా కట్టుకొన్నాడు. ఆ కొండకు నేటికీ ఆయన పేరే నిలిచింది.

అయితే దొరవారి వెంట వంటవాడుండేవాడు, ఆయా ఉండేది, సామాను మోసే కూలీలుండేవారు. మన సంగతి వేరు. చంకలో ఒక బిడ్డ, చేయి పట్టుకొని మరొక బిడ్డ, భుజాన సంచి. దొరల సెలవు నెలలు. మన సెలవు నాలుగైదు రోజులు. కాబట్టి వారి విడిదిని అట్లాగే అనుకరించడం మన జేబుకూ తగదు, మన పిల్లలకూ తగదు.

ముందుగా చల్లదనం లెక్క చూద్దాము. సుమారు 1,000 అడుగులు పైకి పోతే 2 డిగ్రీల వేడి తగ్గుతుందని లెక్క. మన తోరణగల్లే 1,600 అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్నది. హార్స్లీ కొండ 4,000 అడుగులకు కొంచెం పైన. అంటే అక్కడ మనకంటే ఐదు డిగ్రీలు తక్కువ. ఊటీ 7,000 అడుగులు దాటింది. అక్కడ పదికి పైగా తగ్గుతుంది. నిజమే, ఊటీయే చల్లన. కాని అక్కడికి చేరడానికి ఒక రాత్రి రైలులో గడిపి, మళ్ళీ బస్సులో ఘాటు మలుపులెక్కాలి. మలుపుల్లో పిల్లలు వాంతులు చేసుకొంటారు. మే నెలలో జనం కిటకిటలాడతారు. మెట్టుపాళయం నుంచి పోయే పొగబండికి, 2005లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఆ చిన్న రైలుకు, అప్పటికప్పుడు టిక్కెట్టు దొరకడం దుర్లభం. సొంత కారులో పోయేవారికి 2024 మే నుంచి ఇ-పాసు నియమం కూడా వచ్చింది. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు పోతే ఐదు రోజుల సెలవులో మిగిలేది ఒక్కరోజు. పదేండ్లు దాటిన పిల్లలున్నవారు ఊటీ పోవచ్చు. మూడేండ్ల బిడ్డ ఉన్నవారు మరి రెండేండ్లు ఆగినా కొండ ఎక్కడికీ పోదు.

ఇక రైలు ఛార్జీల మాట. 5 ఏండ్లు నిండని బిడ్డకు, ప్రత్యేకంగా బెర్తు అడగకపోతే, టిక్కెట్టు అక్కరలేదు. 5 నిండి 12 నిండని బిడ్డకు పూర్వం సగం ఛార్జీకే బెర్తు ఇచ్చేవారు. 2016 ఏప్రిల్ 21 నుంచి ఆ పద్ధతి మారింది. బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. ఇక్కడే చాలామంది తికమక పడుతున్నారు. భార్యాభర్తలు, ఎనిమిదేండ్ల పిల్ల, నాలుగేండ్ల పిల్లవాడు ఉన్న కుటుంబం పగటి బండిలో పోతే రెండున్నర టిక్కెట్లతో సుఖంగా పోవచ్చు. అదే కుటుంబం రాత్రి బండిలో రెండున్నర టిక్కెట్లు కొంటే నలుగురికీ రెండే బెర్తులు. తెల్లవార్లూ తల్లి కూర్చొనే ఉండవలసి వస్తుంది. మిగిలిన డబ్బు మర్నాడు తలనొప్పి మాత్రలకు పోతుంది. పగలైతే సగం, రాత్రైతే పూర్తి: ఇది గుర్తుంచుకొంటే చాలు. పిల్లల వయస్సు తెలిపే కాగితం వెంట ఉంచుకోండి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అందుచేత ఉగాది వెళ్ళగానే మే నెల ప్రయాణం నిర్ణయించుకోవడం మంచిది.

బస్సుల్లో మన ఆడవారికి ఒక సౌకర్యమున్నది. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద, ప్రభుత్వపు సాధారణ బస్సులలో ఛార్జీ లేదు. అయితే ఆధారు కార్డు మీద ఏ రాష్ట్రపు చిరునామా ఉంటే ఆ రాష్ట్రంలోనే ఆ ఉచితం. మనలో చాలామంది ఇల్లాళ్ళ కార్డుల మీద ఇంకా పుట్టింటి ఊరో, అత్తింటి ఊరో ఉన్నది. 1953లో బళ్ళారి జిల్లాను రెండు రాష్ట్రాలకు పంచినట్లు, మన కాపురాలూ రెండు రాష్ట్రాల్లో పంచుకొని ఉన్నాయి. ప్రయాణానికి ముందే ఎవరి కార్డు ఏ వైపుదో చూసుకోండి.

ఇప్పుడు మేము సూచించే మార్గాలు మూడు.

మొదటిది, అందరికంటే తక్కువ జీతం వారిది: ఇంటి నుంచే విడిది. హోసపేట ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు. దేశదేశాల నుంచి వచ్చి చూసే చోటును, పక్కనే కాపురముండి చూపించని తల్లిదండ్రులు మన కాలనీలో ఉన్నారు. 1509 నుంచి 1529 వరకు కృష్ణదేవరాయలు ఏలిన నగరమది. అల్లసాని పెద్దన తిరిగిన వీధులవి. కాని మే నెల ఎండలో ఆ బండలు పెనములవలె కాలుతాయి. తెల్లవారి బయలుదేరి, పది గంటలకల్లా నీడ చేరాలి. ఒక పూటకు రెండే చోట్లు చూడండి. విరూపాక్షాలయంలో చిన్న రంధ్రం గుండా గోపురం నీడ తలక్రిందులుగా పడే గది పిల్లలకు గారడీ వలె ఉంటుంది. హజారరామాలయం గోడలమీద రామాయణమంతా చెక్కి ఉన్నది. ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి "ఇదెవరు చెప్పు?" అని తెలుగులో అడిగితే, పిల్లవాడు కథ చెబుతాడు. పురావస్తు శాఖ టిక్కెట్టు 15 ఏండ్లలోపు పిల్లలకు లేదు. పసిబిడ్డలతో పుట్టి ఎక్కి నది మీద తిరిగే సాహసం మాత్రం వద్దు.

మరొక సాయంత్రం దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యానికి పోవచ్చు. 1994లో ఏర్పడింది. బండలమీద తీపి పూసి ఉంచితే ఎలుగులు గుట్ట దిగి వస్తాయి. దూరం నుంచి గోపురమెక్కి చూడాలి. తుంగభద్ర ఆనకట్ట వద్ద వేసవిలో నీరు తగ్గినా తోటలో సాయంకాలం హాయిగా ఉంటుంది. ప్రతి రాత్రీ ఇంటికే రావచ్చు గనుక హోటలు ఖర్చు లేదు.

రెండవ మార్గం, కొంచెం కూడబెట్టినవారిది: హరిప్రియ ఎక్స్‌ప్రెస్సులో తిరుపతి చేరి, బిడ్డకు పుట్టువెంట్రుకల మొక్కు ఉంటే తీర్చుకొని, మదనపల్లె మీదుగా హార్స్లీ కొండ. ఒకే గదిలో మూడు రోజులు ఉండండి. రోజుకొక ఊరు మారితే రోజూ సామాను సర్దడం తల్లి పనే అవుతుంది. ఆమెకూ ఇది సెలవే గదా.

మూడవది, అమరావతి ఎక్స్‌ప్రెస్సులో గుంటూరు, బెజవాడ, నరసాపురం వైపు సొంత ఊరికి పోవడం. కొందరు యువకులు దీన్ని సెలవుగా లెక్కించరు. "ఊరికే పోయి ఊరికే రావడమేగా" అంటారు. ఇక్కడి మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం మాట్లాడతారు. రెండూ వారికి అన్నం పెట్టే భాషలే, సంతోషమే. కాని అమ్మమ్మ పొడుపుకథ విప్పాలంటే, తాతగారి వేళాకోళానికి నవ్వాలంటే, తెలుగు చెవిన పడాలి. అది పుస్తకంతో రాదు, పది రోజులు ఆ మంచాల మధ్య పడుకొంటే వస్తుంది. ఒక్క షరతు: అక్కడ కోడలిని వంటింటికే అంకితం చేయరాదు. మగవారు కూరగాయలు తరిగితే పరువు పోదు.

చివరగా అసలు మాట. ఉక్కు కర్మాగారంలో పనిచేసే తండ్రులకు షిఫ్టులు. రైల్వేలో మాకూ అంతే. బిడ్డ లేచేసరికి తండ్రి డ్యూటీలో, తండ్రి వచ్చేసరికి బిడ్డ నిద్రలో. "నాన్న పడుకొన్నాడు, గోల చేయకండి" అన్న మాట మన ఇండ్లలో ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కించండి. అట్టి బిడ్డకు కావలసింది చల్లని కొండ కాదు, మేలుకొని ఉన్న తండ్రి. దూరం పోవడానికి అప్పు చేస్తే, ఆ అప్పు తీర్చడానికి ఏడాది పొడవునా ఓవర్‌టైము చేయాలి. అంటే నాలుగు రోజులు బిడ్డతో గడపడానికి నలభై రోజులు బిడ్డకు దూరం కావడమన్నమాట. ఇది తెలివైన బేరం కాదు.

కాబట్టి చోటు ఎంచుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దారిలో ఎన్ని గంటలు, అక్కడ ఎన్ని గంటలు? మధ్యాహ్నం బిడ్డ పడుకొనేందుకు నీడ ఉన్నదా? తిరిగి వచ్చాక అప్పు ఉండదు గదా? ఈ మూడింటికీ మంచి సమాధానం వచ్చిన చోటు రెండు కోసుల దూరంలో ఉన్నా అదే మీ ఊటీ. ఫోను సంచిలో పడవేసి, నీళ్ళ సీసా, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ఒక దుప్పటి పట్టుకొని బయలుదేరండి.

ఈ కొత్త సంవత్సరం మీ పిల్లలకు ఆరోగ్యాన్నీ, మీకు తీరికనూ ప్రసాదించుగాక. సెలవు.