కాలి నొప్పికి నడుము మూలము

(దేవరయాంజాల్‌లో పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతముల పొలములలో నాట్లు వేయువారును, గోదాములలో మూటలు మోయువారును "పిరుదు నుండి పిక్క దాక నరము గుంజుచున్నది" అని చెప్పుట మీరు వినియే యుందురు. కొందరు పసరు కట్టు కట్టించుకొందురు. కొందరు నరము లాగించుకొందురు. నొప్పి కాలిలో నున్నను మూలము నడుములో నుండవచ్చునని మనవి చేయుటకే మేము వచ్చితిమి.

మన శరీరమున మిక్కిలి లావైన నరము నడుము క్రింది భాగమున పుట్టి, పిరుదు గుండా కాలిలోనికి దిగును. వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్ల వెలికి ఉబికి ఆ నరపు మొదలును నొక్కినచో నొప్పి కాలి వెంట ప్రాకును. డాక్టర్లు దీనిని సయాటికా అందురు. ఆయుర్వేదమున దీని పేరు గృధ్రసి. బిళ్ల ఉబుకుటకును ఈ నొప్పికిని గల సంబంధమును 1934లో మిక్స్‌టర్, బార్ అను అమెరికా వైద్యులు స్పష్టపరచిరి.

దీనిని గుర్తించుటకు మొదట గొప్ప యంత్రములు అక్కరలేదు. డాక్టరు రోగిని వెల్లకిల పరుండబెట్టి, మోకాలు వంచకుండ కాలిని మెల్లగా పైకెత్తును. 30 మొదలు 70 డిగ్రీల లోపల నొప్పి మోకాలు దాటి క్రిందికి దిగినచో నరము నొక్కుకొనినదని అనుమానించును. పిమ్మట మడమలపైనను మునివేళ్లపైనను నడిపించి బలము చూచును. ఎచ్చట తిమ్మిరి యున్నదో తాకి చూచును. నడచునపుడు పిక్క పట్టి, నిలువగానే తగ్గు నొప్పి రక్తనాళముల దోషము కావచ్చును. దానికి చికిత్స వేరు.

పలువురికి ఈ నొప్పి 6 మొదలు 12 వారములలో తగ్గును. కనుక అప్పు చేసి ముందుగానే స్కానింగునకు పరుగిడ నవసరము లేదు. దినముల తరబడి మంచము పట్టుటయు మేలు కాదు. ఓపినంత మేర తిరుగుచుండవలెను.

అయితే మూత్రము బిగియుట, తెలియకయే మలమూత్రములు పోవుట, ఆ భాగమున స్పర్శ లేకుండుట, రెండు కాళ్లును బలము తప్పుట కనిపించినచో ఒక్క దినమైనను ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి పంపవలెను. ఆలస్యమైనచో పోయిన శక్తి మరల రాకపోవచ్చును. పాదము వ్రేలాడి చెప్పు జారిపోవుచున్నను జాగు చేయక డాక్టరుకు చూపవలెను. నడుము నొప్పితో విడువని జ్వరము, చిక్కిపోవుట యున్నచో వెన్నుపూస క్షయకై పరీక్ష చేయింపవలెను.

మూత్రము సంగతి చెప్పుకొనుటకు మన స్త్రీలు సిగ్గుపడుదురు. కావున మహిళా సభ్యులు తమ వార్డులలో కాలి నొప్పితో బాధపడు అక్కచెల్లెండ్రను ఈ ప్రశ్న తామే అడిగి తెలిసికొనవలెనని ప్రత్యేకముగా కోరుచున్నాము.