అట్టపెట్టెల సాక్ష్యము: ఐరోపా బొమ్మలలో దేశభేదములు



బొమ్మ వచ్చినంతనే పిల్లవాడు పెట్టెను చించి అవతల పాఱవేయును. మఱునాడు ఆ పెట్టె పెంటమీదనో పొయ్యిలోనో చేరును. అట్లు నశింపవలసిన పెట్టెలనే యేరి, దుమ్ము దులిపి, అద్దాల బీరువాలలో దాచి, వాటిపై ముద్రింపబడిన ప్రతి యక్షరమును చదువువారు ఐరోపాఖండమున ననేకులు కలరు. వారి విద్యను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

బడిపంతులుగా జీవితము గడిపిన వృద్ధునకు ఈ బొమ్మల గొడవ యేలయని కొంద రడుగవచ్చును. నేను గురువుగారి సన్నిధిని కావ్యములు చదువు దినములలో, ఒకే పద్యమునకు ఒక ప్రతిలో నొక పాఠమును, వేఱొక ప్రతిలో మఱియొక పాఠమును కనబడుచుండెడివి. ఏది కవి వ్రాసినది, ఏది లేఖకుడు మార్చినది, ఏల మార్చెను అని విచారించుటయే మాకు విద్య. బొమ్మల పెట్టెలను పరిశీలించువారు చేయు పనియు నట్టిదే. బొమ్మ యొక్కటియే, దేశమున కొక పేరు, దేశమున కొక పెట్టె. ఆ భేదములకు కారణము లరసినచో వర్తకుల లెక్కలును, రాజ్యముల చట్టములును, తల్లిదండ్రుల భయములును ఒక్కొక్కటిగా బయటపడును.

మొదట పుట్టినచోటు తెలుపు ముద్రను చూతము. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీదేశపు బొమ్మలు, అందును న్యూరెంబర్గు పట్టణపు రేకుబొమ్మలు, దేశదేశముల నమ్ముడుపోవుచుండెను. ఇంగ్లండువారు 1887లో నొక చట్టము చేసి, పరదేశపు సరకు తమ దేశపు సరకను భ్రాంతి కలిగింపరాదనియు, అట్టి సరకుపై పుట్టినచోటు తెలుపవలెననియు విధించిరి. "మేడ్ ఇన్ జర్మనీ" యను మాట అట్లు వ్యాప్తిలోనికి వచ్చినది. కొనువారిని హెచ్చరించుటకు వేయించిన ఆ ముద్ర కొలదికాలమునకే మేలిసరకునకు గుర్తయినది. నిందకై వేసినది బిరుదమై కూర్చున్నది!

1945లో యుద్ధము ముగియగా జర్మనీని జయించిన రాజ్యములు దానిని నాలుగు మండలములుగా విభజించుకొన్నవి. ఆ దేశమున గీంగెన్ అను చిన్న పట్టణమున ష్టైఫ్ అను సంస్థ గుడ్డ ఎలుగుబంటులను చేయును. చెవిలో లోహపు గుండీ యుండుట వాటి గుర్తు. 1904నుండి వచ్చుచున్న ఆనవాయితీ యది. యుద్ధానంతరము కొన్నేండ్లపాటు ఆ బొమ్మలకు "అమెరికా మండలపు జర్మనీలో చేసినది" యను నర్థమిచ్చు ఆంగ్లపు చీటి కూడ కుట్టబడుచు వచ్చినది. శిశువు కౌగిలించుకొని నిద్రించు బొమ్మ ప్రక్కటెముకల యొద్ద ఓడిన దేశపు చరిత్ర కుట్టబడియున్నదన్నమాట.

ఇక ఒకే సంస్థ రెండు దేశములలో పని చేసిన విధము వినుడు. ఫ్రాంక్ హార్న్‌బీ యను నాతడు లివర్‌పూల్ నగరమున నెలకొల్పిన మెకానో సంస్థ, 1934లో డింకీ టాయ్స్ అను పేరు పెట్టి, అరచేతిలో నిముడు లోహపు బండ్లను అమ్మజొచ్చెను. ఆ సంస్థకే పారిసు చెంత బొబిన్యీ యను చోట మఱియొక కర్మాగారముండెను. పేరొక్కటియే గాని సరకు వేఱు. లివర్‌పూలువారు ఆస్టిన్, మోరిస్ కార్లను చేసిరి. బొబిన్యీవారు సిత్రోయెన్, పెజో, రెనో కార్లను చేసిరి. పిల్లవాడు తన వీధిలో చూచు బండియే తన చేతికి రావలెనని వారి యుద్దేశము. కొలతలలోను భేదము కలదు. యుద్ధానంతరము ఫ్రెంచివారు అసలు బండిలో నలువదిమూడవ వంతు పరిమాణమునకు కట్టుబడిరి. ఇంగ్లీషువారి బండ్లు పెక్కు అంతకంటె కొంచెము చిన్నవి. తొలిదినములలో చిన్న కార్లకు విడిపెట్టెలు లేవు. అంగడివాడు పెద్దపెట్టెలోనుండి ఒక్కొక్కటి తీసి యిచ్చెడివాడు. కారొక్కంటికి పసుపుపచ్చని పెట్టె యొక్కటి యను పద్ధతి 1950ల తొలిభాగమున స్థిరపడినది.

ఈ కథకు మన దేశముతోను సంబంధము కలదు. 1960ల చివరిభాగమున లివర్‌పూలులో వాడుక తీరిన డింకీ అచ్చులు కొన్ని కలకత్తాలోని యొక సంస్థకు చేరినవి. ఆ సంస్థ వాటితోనే బండ్లు పోసి నిక్కీ టాయ్స్ అను పేరిట అమ్మినది. అచ్చు ఇంగ్లండుది, పోత మన దేశపుది, పేరు మాత్రము రెండక్షరముల మార్పు. 1979లో లివర్‌పూలు కర్మాగారము మూతపడినది. మన పిల్లలు మట్టిలో దొర్లించి విఱుగగొట్టిన ఆ నిక్కీ బండ్లను నేడు ఐరోపా సేకర్తలు వెదకి వెదకి కొనుచున్నారు.

పేర్ల సంగతి మఱింత సరసమైనది. జర్మనీలో హాన్స్ బెక్ అను శిల్పి రూపొందించిన ఏడున్నర సెంటీమీటర్ల చిఱునవ్వుల మనుష్యబొమ్మ 1974లో ప్లేమోబిల్ అను పేర బయలుదేరెను. చమురుధర పెరిగి ప్లాస్టిక్ ప్రియమైన దినములవి. తక్కువ పదార్థముతో నెక్కువ ఆట కల్పింపవలెనను అవసరమే ఆ చిన్న బొమ్మకు అదృష్టమైనది. దానిని స్పెయినులో ఫమోసా యను సంస్థ అనుమతి పొంది ఫమోబిల్ అను పేర అమ్మినది. అచ్చటి పిల్లలు ఆ మనుష్యులను "క్లిక్కు"లని పిలిచిరి. పెట్టెమీది పేరు పోయి తరువాత ప్లేమోబిల్ అని వచ్చినను, స్పెయినువారి నోట ఆ క్లిక్కు నిలిచియే యున్నది. ఇంగ్లండులో వీరికే కొంతకాలము "ప్లే పీపుల్" అను నామధేయము. పెట్టెమీద అచ్చు వేయువాడు వర్తకుడే కావచ్చును గాని, పేరును నిలుపువారు మాత్రము పిల్లలే యని దీనివలన తేలుచున్నది.

1958లో బెల్జియముదేశపు చిత్రకారుడు పేయో సృష్టించిన నీలిరంగు మరుగుజ్జుల కథ యిట్టిదే. ఫ్రెంచిలో వారు ష్ట్రూంఫులు, డచ్చిలో స్మర్ఫులు, జర్మనులో ష్లుంఫులు, ఇటలీలో పూఫీలు, స్పెయినులో పితూఫోలు. ఇంగ్లీషువారు తమ మాటగా డచ్చిపేరునే స్వీకరించిరి. ఇంగ్లండులో 1978లో ఈ బొమ్మలను ఒక పెట్రోలు వర్తకసంస్థ తన బంకులలో అమ్మించినది. ఒకచోట బొమ్మలయంగడిలో దొరకు వస్తువు, వేఱొకచోట తండ్రి బండికి నూనె పోయించుకొనునప్పుడు దొరకెను. కావున ఏ దేశమున ఏ యంగడి ద్వారమున పిల్లవాని చేతికి వచ్చినదో తెలియనిదే బొమ్మ చరిత్ర పూర్తికాదు.

పెట్టెల విషయమున పరిశోధకులు మిక్కిలి శ్రమించినది 'స్టార్ వార్స్' అను అమెరికా చలనచిత్రపు బొమ్మలయందు. చిత్రము 1977లో వచ్చెను. అమెరికాలో కెన్నర్ సంస్థ చేసిన బొమ్మలను ఇంగ్లండులో కోల్‌విల్ పట్టణపు పాలిటాయ్ సంస్థయు, ఫ్రాన్సులో మెకానో సంస్థయు తమ తమ అట్టలపై నమర్చి అమ్మినవి. అమెరికా పిల్లలకు "డెత్ స్టార్" అను అంతరిక్షదుర్గము ప్లాస్టిక్కుతో లభించినది. పాలిటాయ్‌వారు ఆ దుర్గమునే రంగులచ్చు వేసిన దళసరి అట్టతో కట్టిరి. ప్లాస్టిక్కుది పిల్లవాడు మీద కూర్చున్నను నిలుచునేమో గాని, అట్టది నాలుగు వానకాలములు గడచునప్పటికి చివికిపోవును. అందువలననే చక్కగా నిలిచిన అట్టదుర్గమున కిప్పుడింత గౌరవము.

1983లో మూడవ చిత్రము వచ్చిన పిమ్మట వర్తకులు దేశమున కొక అట్ట యను ఖర్చు తగ్గింపదలచి, ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు భాషలలో చిత్రనామమును మూడుమార్లు ముద్రించిన అట్టను పెక్కు దేశములకు పంపిరి. సేకర్తలు దీనిని "ట్రైలోగో" యందురు. ఆ మూడు భాషలలో తన భాష లేని దేశపు బాలుడు పరభాషలో తన యాటవస్తువు పేరు చదువుకొనవలసివచ్చెను. దీనిని గొప్ప యన్యాయమని చెప్పను. భాషకు పెట్టెమీద చోటు దొరకుట దొరకకపోవుట వర్తకుని లెక్కపై నాధారపడునని మాత్రము గమనింపవలెను. ఆ వరుసలో యాక్ ఫేస్ అను బొమ్మ యొకటి కలదు. దాని పుట్టింటియైన అమెరికాలో నది యమ్మకమునకే రాలేదు. ఐరోపాలోను కెనడాలోను వచ్చినది. దానికై అమెరికా సేకర్తలు సముద్రము దాటి వెదకవలసివచ్చెను.

వర్తకుల లెక్కయే గాక భయమును పెట్టెలను మార్చును. తాబేలు వీరుల బొమ్మలు అమెరికాలో "నింజా" యను పేరుతో వచ్చినవి. నింజా యనగా గుప్తయుద్ధము చేయు జపాను యోధుడు. 1990 ప్రాంతమున ఇంగ్లండులోను మఱి కొన్ని దేశములలోను ఆ మాట పిల్లలను హింసకు ప్రేరేపించునని తలచి, దానిని తీసి "హీరో" యని చేర్చిరి. ఇటలీలో మాత్రము నింజాయే నిలిచెను. ఇది యొక మాటను గూర్చిన భయము. ఇంతకంటె గంభీరమైన మార్పు జర్మనీలో జరిగినది. నాజీల స్వస్తికచిహ్నమును బహిరంగముగా ప్రదర్శించుట అచ్చటి శిక్షాస్మృతి 86-ఏ ప్రకారము నేరము. అందుచే యుద్ధవిమానముల నమూనాపెట్టెలలో జర్మనీకి పోవు వాటిపై విమానపు తోక బోసిగా నుండును. ఆ బోసితోక ఒక జాతి తన గతమును గూర్చి చేసికొన్న నిర్ణయమునకు గుర్తు.

ఈ పరిజ్ఞానమునకు ప్రయోజనమేమి? సత్యాసత్యవివేకమే ప్రయోజనము. ఖాళీపెట్టెకు లోపలి బొమ్మకంటె ఎక్కువ వెల పలుకు సందర్భములు కలవు గనుక, దొంగపెట్టెలు అచ్చు వేయువారును బయలుదేరిరి. ఎఱిగినవాడు వారిని పట్టుకొను తీరు మన శాసనపరిశోధకుల తీరువంటిదే. "పశ్చిమజర్మనీ" యని యున్న పెట్టె 1949కి ముందరిది కాజాలదు. జర్మనీ చిరునామాలో తపాలాసంఖ్య ఐదంకెలదైనచో అది 1993 జూలైకి తరువాతి ముద్రణము, అంతకుముందు నాలుగంకెలే. వస్తువులపై యంత్రము చదువు నిలువుగీతల గుర్తు 1970లకు ముందు లేదు. ఐరోపాదేశముల కూటమి బొమ్మల భద్రతకై 1988లో నియమము చేయగా, అది 1990లో అమలునకు వచ్చినది; సి-ఇ యను రెండక్షరముల ముద్ర యప్పుడు బొమ్మల పెట్టెల నెక్కెను. 1965నాటిదని చెప్పు పెట్టెపై ఆ ముద్ర యున్నచో, అమ్మువాడెంత పెద్దమనుష్యుడైనను పెట్టె యబద్ధమే.

ఇచ్చట నొక ధర్మసందేహము కలదు. పెట్టె విప్పకుండ దాచిన బొమ్మకే వెల హెచ్చు. ఆ బొమ్మతో నే బిడ్డయు నాడలేదు. ఆటకై పుట్టిన వస్తువు ఆటను చూడకుండ ముసలిదగుట నా మనస్సున కంతగా రుచింపదు. కాని ఎవడో యొకడు విప్పక దాచియుండనిచో పైన చెప్పిన సంగతులలో సగము మనకు తెలిసియుండెడివి కావు. కావున ఆడినవాడును దాచినవాడును ఇరువురును కావలసినవారే. కొనునప్పుడే వెల లెక్కించి దాచువానిని మాత్రము నేను సేకర్తయనను, వడ్డీవ్యాపారి యందును.

చివరి మాట. మన కొండపల్లి బొమ్మలు చెప్పుకోదగిన కళ. పొణికికఱ్ఱ తేలికయు, రంగుల మెఱుపును ఎల్లరకును తెలిసినవే. కాని పాతయిండ్లలోని కొండపల్లి దశావతారములను చూచి, వీనిని చెక్కినవాడెవడని యడిగితిరేని చెప్పగలవారరుదు. మన బొమ్మలు పేరును తేదియు గల పెట్టెలలో రాలేదు. గడ్డిలోనో పాతగుడ్డలోనో చుట్టి యింటికి తెచ్చుకొంటిమి. ఐరోపాలో ఒక తపాలాసంఖ్య తెలుపుచున్న సంగతిని మన యిండ్లలో పెద్దల జ్ఞాపకమే తెలుపవలసియున్నది. ఆ పెద్దలు మీరే. ఇంట బొమ్మ యున్నచో, ఎవరి చేతిదో, ఏ తీర్థములో ఏ యేట కొన్నదో, ఏ బిడ్డ యాడుకొన్నదో ఒక చిన్న కాగితముపై వ్రాసి దాని యడుగున నంటింపుడు. అందుకు ఖర్చు లేదు. మీ రెండు పంక్తులవలన ఒక చేతిపనివాని పేరు నిలుచును.