మహమ్మారికాలమున వైద్యవిద్యార్థుల మనోవ్యథ



మా అమ్మాయి డాక్టరీ చదువుచున్నదనియు, మా మనుమడు డాక్టరు కాబోవుచున్నాడనియు చెప్పుకొనుట నేడు మన పల్లెలలో గృహస్థునకు గొప్ప గౌరవము. ఆ చదువునకై పొలమమ్మినవారు గలరు, అప్పుచేసినవారు గలరు. పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు చిక్కిపోయితివేమి యని వారి దేహమును గూర్చి అడుగుదుము. వారి మనస్సును గూర్చి అడుగువారు మాత్రము అరుదు. 2020, 2021 సంవత్సరములలో కొవిడ్ మహమ్మారి వ్యాపించినపుడు వైద్యవిద్యార్థుల మనస్సు లెట్లుండెను, ఆ వ్యథలో ఆడుపిల్లలకును మగపిల్లలకును గల భేదమేమి, దానినుండి పెద్దలమైన మనము గ్రహింపవలసిన దేమి యను విషయమును గూర్చి నేడు మనవి చేసెదను.

హైదరాబాదునకు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు అను పేటలు గలవు. విజయవాడ, సూర్యాపేటల వైపునుండి బస్సులో వచ్చువారికి ఎల్.బి. నగరే నగరద్వారము. దిల్‌సుఖ్‌నగరు సందులలో ప్రవేశపరీక్షలకు చదివించు కోచింగు కేంద్రములును, బాలురకు వేరుగను బాలికలకు వేరుగను హాస్టళ్లును కిక్కిరిసి యుండును. ఎల్.బి. నగరులో కామినేనివారి ఆసుపత్రియు వైద్యకళాశాలయు నున్నవి. అచ్చటినుండి దిల్‌సుఖ్‌నగరు మీదుగా పోవు మెట్రోరైలు మార్గమున ఉస్మానియా వైద్యకళాశాల పేరనే యొక స్టేషను గలదు. కావున వైద్యులు కాగోరువారును, వైద్యవిద్య చదువుచున్నవారును ఈ వీధులలో నిత్యము కనబడుచుందురు.

2020 మార్చి 2వ తేదీన తెలంగాణములో తొలి కొవిడ్ రోగి బయటపడెను. 22న మెట్రోరైళ్లు నిలిచిపోయెను. 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చెను. హాస్టళ్లు ఖాళీ చేయుడని చెప్పగా నగరములోని విద్యార్థులు పెట్టెలు పట్టుకొని, అనుమతిపత్రములకై పోలీసుస్టేషన్లయొద్ద బారులు తీరిరి. పత్రములు చేతబట్టుకొని విజయవాడ దారిని పోయినవారు సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టువద్ద నిలిచిపోయిరి. పిమ్మట హాస్టళ్లను మూయరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. ఇంటికి పోలేక, ఉన్నచోట ఉండలేక పిల్లలు పడిన ఆ దిగులు మహమ్మారి వారి మనస్సులపై వేసిన తొలి దెబ్బ.

తరువాత వైద్యవిద్యార్థులు రెండు తెగలైరి. క్రింది తరగతులవారు ఇంట కూర్చుండి చేతిఫోనులో పాఠములు వినవలసి వచ్చెను. శవపరిచ్ఛేదము చూడక, రోగి నాడి పట్టక వైద్యము నేర్చుటెట్లని వారి బెంగ. హౌస్‌సర్జనులును, పై చదువుల విద్యార్థులును రోగులనడుమ నిలువవలసి వచ్చెను. సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రిని ఆ కాలమున కొవిడ్ రోగులకే కేటాయించిరి. 2020 జూనులో మరణించిన రోగి బంధువులు అచ్చట ఒక వైద్యునిపై చేయిచేసికొనగా జూనియరు డాక్టర్లు విధులు మాని నిరసన తెలిపిరి. 2021లో రెండవ విజృంభణము వచ్చినపుడు, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో స్వల్పలక్షణములుగల రోగులను కనిపెట్టుటకు చివరి సంవత్సరపు విద్యార్థులను గూడ నియోగింపవచ్చునని మే 3వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఇరువదిరెండు, ఇరువదిమూడేండ్ల పిల్లలపై పడిన బరువిది.

ఆ బరువు మనస్సునకెంత తగిలినదో లెక్కించినవారు గలరు. మహమ్మారికి పూర్వమే, 2016లో, పెక్కు దేశముల పరిశోధనలను కూర్చి చూడగా వైద్యవిద్యార్థులలో నూటికి 27 మందికి క్రుంగుబాటు లక్షణములున్నట్లు తేలినది. మహమ్మారివలన 2020లో ప్రపంచమున క్రుంగుబాటు రోగము అదనముగా 5 కోట్ల 32 లక్షలమందికి కలిగినదని 2021లో లాన్సెట్ అను వైద్యపత్రిక యందు ప్రకటించిన అంచనా. వారిలో స్త్రీలు 3 కోట్ల 55 లక్షలు, పురుషులు 1 కోటి 77 లక్షలు. వయస్సులో చిన్నవారికే దెబ్బ ఎక్కువ తగిలినది. వైద్యవిద్యార్థులను అడిగి చూచిన పరిశోధనలలోను అనేకములందు విద్యార్థినులకే ఆందోళనము, క్రుంగుబాటు ఎక్కువగా కనబడినవి. కొన్నింట భేదము కనబడలేదు.

ఇది విని, ఆడువారి మనస్సు దుర్బలము, మగవారిది దృఢమని తీర్పు చెప్పుటకు మనము తొందరపడుదుము. నిలువుడు. రెండవ లెక్క యొకటి గలదు. 2020లో మన దేశమున ఆత్మహత్య చేసికొన్నవారిలో నూటికి 71 మంది పురుషులు, 29 మంది స్త్రీలు. 2021లో అట్లు మరణించిన విద్యార్థులు 13,089 మంది కాగా అందులోను సగమునకు మించి మగపిల్లలే. ఈ అంకెలు అన్ని చదువులవారికి సంబంధించినవి, వైద్యవిద్యార్థులకు మాత్రమే కావు. అయినను ప్రశ్న నిలుచుచునే యున్నది. దుఃఖము ఆడుపిల్లలలో ఎక్కువయని కాగితము చెప్పుచుండగా, ప్రాణములు విడుచువారిలో మగపిల్లలెట్లు ఎక్కువైరి?

సమాధానము కొంతవరకు ఆ కాగితమునందే యున్నది. వైద్యులు వాడు ఒక ప్రశ్నపత్రములో తొమ్మిది ప్రశ్నలుండును. గడచిన రెండువారములలో నిద్ర, ఆకలి, నీరసము, పనియందాసక్తి, మరణచింత మున్నగువానిని గూర్చి యడిగి, ఒక్కొక్కదానికి సున్నమొదలు మూడువరకు మార్కులు వేయుదురు. మొత్తము 27. పదియు, అంతకు మించియు వచ్చినచో వైద్యుడు శ్రద్ధగా పరీక్షింపవలెనని గుర్తు. ఇది మంచి సాధనమే. కాని చెప్పినవాని బాధయే దానికి తెలియును. చెప్పనివాని బాధ తెలియదు. కోపము హెచ్చినదా, మద్యము మరిగితివా యని అది యడుగదు. మగపిల్లవాని దుఃఖము తరచుగా ఆ రూపములనే ధరించును.

ఆడుపిల్లల బాధకు కారణములు కంటికెదురుగనే యున్నవి. 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన లెక్కలో, ఇంటిపని చేయు స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, ఇంటిపని చేయు పురుషుడు 97 నిమిషములును దానికై వెచ్చించుచున్నట్లు తేలినది. లాక్‌డౌనులో ఇంటిల్లిపాదియు ఇంటనే యుండగా ఆ భారమెవరిపై పడియుండునో మీరే యూహింపుడు. మా వీధిలో వైద్యవిద్య రెండవ సంవత్సరము చదువుచుండిన బాలిక యొకతె నాతో, "తాతగారూ, చెవిలో పాఠము, పొయ్యిమీద పాలు. ఏది చెడినా మాట నాకే" అనినది. దానికి తోడు, చదువెప్పుడు ముగియునో తెలియదు, పెండ్లి చేసివేయుదమను మాటలు. ఆసుపత్రిలో పనిచేసినవారికి తల మొదలు కాలివరకు కప్పు రక్షణకవచముతో గంటల తరబడి నీరు త్రాగుటకును, బహిర్భూమికి పోవుటకును వీలులేదు. నెలసరి దినములలో అది యెంత కష్టమో గృహములలోని స్త్రీల నడిగిన చెప్పుదురు. ఇన్నింటినడుమ ఒకతె కంటనీరు పెట్టుకొన్నచో అది దౌర్బల్యమా? వైద్యము ఆడువారికి తగదనువారికి ఒక్కమాట. రూపాబాయి ఫర్దూన్‌జీ యను పారసీకవనిత 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరి, 1889లో పట్టము పొంది, శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తుమందు ఇచ్చు విద్యలో ప్రసిద్ధురాలయ్యెను. ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్యకళాశాల.

ఇక మగపిల్లల మాట. నా పూర్వశిష్యుని కుమారుడు రెండవ విజృంభణమునాడు హౌస్‌సర్జనుగా నుండెను. ఇంటివారు ఫోనుచేసినప్పుడెల్ల "బాగానే ఉన్నాను" అని రెండు ముక్కలలో ముగించెడివాడు. మా వాడు ధైర్యవంతుడని తండ్రి పొంగిపోయెను. కొన్ని నెలలకు ఇంటికి వచ్చినపుడు రాత్రులు నిద్రలేక పెరటిలో తిరుగుచుండుట తల్లి గమనించెను. ఆమె కోరగా నేను పోయి మాటలాడితిని. చాలసేపటికి అతడు, "మాస్టారూ, పోయినవారి బంధువులకు ఆ వార్త చెప్పుట నా వంతుగా నుండెను. ఇంట చెప్పిన అమ్మ భయపడును, నాన్న యింతేనా నీ గుండె యనును. ఎవరికి చెప్పుదును?" అనెను. ధైర్యమని తండ్రి తలచినది ధైర్యము కాదు, చెప్పుకొనుటకు చోటు లేకపోవుట.

పురుషుడు దుఃఖమును వెలిబుచ్చరాదని మన శాస్త్రమెక్కడను చెప్పలేదు. భగవద్గీత ప్రథమాధ్యాయమునకు పేరే అర్జునవిషాదయోగము. గాండీవధారియైన వీరుడు తనకు నోరెండుచున్నదనియు, దేహము వణకుచున్నదనియు, నిలువలేకున్నాననియు సభామధ్యమువంటి యుద్ధభూమిలో దాచక చెప్పెను. శ్రీకృష్ణుడు మొదట పిరికితనము తగదని మందలించిన మాట నిజమే. కాని ఆ మందలింపుతో అర్జునుని శోకము తీరినదా? తీరలేదు. యుద్ధము చేయనని చెప్పి అతడు మౌనము వహించెను. అప్పుడు భగవానుడు రథము దిగి పోలేదు. ప్రశ్నకు ప్రశ్న విని, సందేహమునకు సందేహము తీర్చి, పదునెనిమిదవ అధ్యాయమువరకు వానితో నుండెను. మనము మందలింపువరకు మాత్రమే గీతను అనుసరించుచున్నాము. తరువాతి అధ్యాయములు మనకు జ్ఞప్తికి వచ్చుట లేదు. చరకాచార్యుడును దేహమునకు వాతపిత్తకఫములను, మనస్సునకు రజస్తమస్సులను దోషములుగా వేరువేరుగ గణించెను. మనస్సునకును రోగము గలదని, దానికిని చికిత్స గలదని మన పూర్వులెరుగుదురు.

కావున పెద్దలారా, కూతురు ఏడ్చినంతమాత్రమున చదువు మాన్పింపకుడు. ఆమె చెప్పగలుగుట మేలు. బాధ చెప్పినందులకు శిక్షగా పెండ్లిమాట యెత్తినచో మరల ఆమె చెప్పదు. ఆమె చదువు వేళకు ఇంటిపని అన్నదమ్ములును పంచుకొనవలెను. కుమారుడు మాటలాడకున్నంతమాత్రమున సుఖముగా నున్నాడనుకొనకుడు. "బాగున్నావా?" యనినచో "బాగున్నా" ననును. "రాత్రి నిద్ర పట్టుచున్నదా? భోజనమెవరితో చేయుచున్నావు? నేడు మనసునకు కష్టమనిపించిన దేమి?" యని యడుగుడు. ఉత్తరము వచ్చువరకు ఊరకుండి వినుడు. నిద్రాహారములు తప్పుట, స్నేహితులను విడుచుట, చిరచిరలాడుట, జీవితముపై విరక్తి పలుకుట రెండువారములకు మించినచో వైద్యుని చూపింపవలెను. చావవలెనను తలంపు వచ్చుచున్నదా యని సూటిగా నడుగుటకు జంకకుడు. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. పంచుకొన్నందువలన భారము తగ్గును. అట్టి తలంపు కలదని చెప్పినచో వానిని ఒంటరిగా విడువక, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవుడు.

2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము టెలి-మానస్ అను ఫోనుసేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రూకలు లేకయే రాత్రింబవళ్లు తెలుగుననే మాటలాడవచ్చును. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యాలయమున్నది. అచ్చటికి పోవుట కుటుంబమునకు అపకీర్తి కాదు. జ్వరమునకు ఆసుపత్రికి పోవుట అపకీర్తియా?

మహమ్మారి యత్యవసరస్థితి తొలగినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించినది. కాని చదువు బరువు తొలగలేదు. 2024లో జాతీయ వైద్యసంఘమువారి యుపసంఘము విచారింపగా, సమాధానమిచ్చిన 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో నూటికి 27.8 మంది తమకు మానసికరుగ్మత గలదని తామే చెప్పుకొనిరి. చెప్పుకొనని వారెందరో ఆ లెక్కలో లేరు. 2020లో మొదటి తరగతులలో నుండిన పిల్లలు నేడు వైద్యులై మన నాడి పట్టుచున్నారు. మన రోగమును వారు ఓర్పుతో విందురని మనమాశించుచున్నాము. వారు మన యింటిబిడ్డలుగా నున్నప్పుడు వారి మాటను మనమును అంత ఓర్పుతో వినుట ధర్మము.