బకాసురుని వంతు

రక్కసులవేఁటలో నెత్తురును నవ్వును గలసిన కథ మన భారతము ఆదిపర్వముననే కలదు. ఏకచక్రపురమున నింటింటివారును వంతుచొప్పున బకునకుఁ బంపవలసినది బండెఁడు కూడు, రెండు దున్నపోతులు, ఒక మనుష్యుఁడు. వంతు వచ్చిన బ్రాహ్మణునింట నెల్లరు నేడ్చుచుండఁగా, పసివాఁడొకఁడు గడ్డిపుల్ల చేతఁ బట్టి, దీనితో రక్కసునిఁ జంపెదననెను. ఏడ్చువారు నవ్విరి.

ఆ యింటనే బసచేసియున్న కుంతి వారికి మాఱుగా భీమునిఁ బంపెను. భీముఁడు బకుని యెదుటనే యా కూడు తినసాగెను; వాఁడు వీఁపున గ్రుద్దుచున్నను ముద్ద విడువలేదు. భోజనము ముగిసినపిదప వాని నడుము విఱిచెను. నెత్తురు గ్రక్కి చచ్చినవాని కళేబరమును పురద్వారమునఁ బడవైచెను.

నవ్వుదము గాక; కాని యొకమాట. పొరుగువాని వంతునాఁడు మిన్నకున్న యింటికిఁ దన వంతు రాక తప్పునా? ఊరెల్ల నా పసివానివలె నొక్కొక్క పుల్ల పట్టియున్న, బకుని బండి యన్నినాళ్లు కదలెడిదా?