మంచం పట్టినవారి కోసం పని మానేముందు

మన హోసూరు చుట్టుపక్కల తెల్లవారకముందే కంపెనీ బస్సులు బయలుదేరుతాయి. బాగలూరు, బేరికె, సూలగిరి వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు కొందరు ఇక్కడి ఫ్యాక్టరీల్లోనే దిగుతారు. మరికొందరు అత్తిబెలె దాటి బొమ్మసంద్ర వైపు గార్మెంట్సుకు పోతారు. ఇంట్లో తెలుగు, పనిలో కన్నడం, రేషను కార్డులో తమిళం. వీరిలో కొంతమంది ఉన్నట్టుండి పని మానేస్తారు. ఎందుకమ్మా అని అడిగితే, అత్తకు పక్షవాతం వచ్చిందనో, అమ్మ మంచం పట్టిందనో చెబుతారు. చూసుకోవడానికి మగవాడు పని మానడం నేను చాలా అరుదుగా చూశాను. అది వేరే ప్రసంగానికి విషయం.

పని మానితే జీతం పోతుందని అందరికీ తెలుసు. ముసలితనంలో రావలసిన పెన్షను కూడా అదే రోజు చేజారిపోవచ్చునని చాలామందికి తెలియదు. బ్రిటనులో వైకల్యం ఉన్న మనిషిని వారానికి కనీసం 20 గంటలు చూసుకునేవారికి, అర్హత ఉంటే, ఆ కాలాన్ని పెన్షను లెక్కలో జమ కట్టే ఏర్పాటు 2010 నుంచి ఉంది. మన పి.ఎఫ్. పెన్షనులో అలాంటిది లేదు. ఇంట్లో ఎన్నేళ్లు చాకిరీ చేసినా లెక్కలోకి రాదు. కనుక ఫ్యాక్టరీలో చేసిన ఏళ్లనైనా చెరిగిపోకుండా చూసుకోవాలి.

పి.ఎఫ్. అని మనం ఒకే మాటగా అంటాం గాని అందులో రెండు మూటలు ఉన్నాయి. మన జీతంలోంచి పట్టుకునే నూటికి 12 రూపాయలు, యజమాని కట్టేదాంట్లో కొంతభాగం కలిసి ఒక మూట. ఇది వడ్డీతో పెరిగే ప్రావిడెంటు ఫండు. యజమాని వంతులోంచే నూటికి 8.33 రూపాయలు రెండో మూటలోకి, అంటే పెన్షను నిధిలోకి పోతాయి. ఈ పెన్షను పథకం 1995 నవంబరు 16 నుంచి అమలులోకి వచ్చింది. మొత్తం మీద పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 58వ ఏట నుంచి బతికినంతకాలం పెన్షను వస్తుంది.

పదేళ్లు ఒకేచోట, ఒకే దమ్మున చేసి ఉండాలన్న నియమం లేదు. ఏడేళ్లు చేసి, అయిదేళ్లు అత్తను చూసుకుని, మళ్లీ మూడేళ్లు చేసినా పదేళ్లే. మొదటి ఉద్యోగం కర్ణాటకలో, రెండోది తమిళనాడులో అయినా ఇబ్బంది లేదు, ఇది కేంద్ర పథకం. షోలాపూరులో బీడీలు చుట్టే మన తెలుగు ఆడవాళ్లకు, రాయగడ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి కూడా, పి.ఎఫ్. ఖాతా ఉంటే ఇదే లెక్క. అయితే మొదటి ఏడేళ్లు తీసేసుకోకుండా ఉండాలి.

తీసేసుకోవడం ఎలా జరుగుతుందో చెబుతాను. మా బడి పిల్ల ఒకామె తల్లి ఏడేళ్లు కుట్టుపని చేసి మానింది. గేటు దగ్గర కాగితాలు నింపే మనిషి రెండు ఫారాల మీద సంతకం పెట్టించుకున్నాడు. ఒకటి ఫారం 19, అది పి.ఎఫ్. మూటకు. రెండోది ఫారం 10సి, అది పెన్షను మూటకు. రెండు మూటల డబ్బూ బ్యాంకులో పడింది. ఆమె అంతా పి.ఎఫ్. డబ్బే అనుకుంది. అత్తగారు పోయాక మళ్లీ పనిలో చేరింది. పెన్షనుకు ఆమె సర్వీసు సున్నా నుంచి మొదలయింది.

ఆ ఫారం 10సి లోనే ఇంకో దారి ఉంది. డబ్బు అడగకుండా ‘స్కీమ్ సర్టిఫికెట్టు’ ఇవ్వమని అడగవచ్చు. ఇన్నేళ్లు ఈమె సర్వీసు చేసింది అని పి.ఎఫ్. కార్యాలయం రాసి ఇచ్చే కాగితం అది. మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు దాన్ని ఇస్తే పాత ఏళ్లు కొత్త ఏళ్లకు కలుస్తాయి. అది చేతిలో ఉండగా 58 ఏళ్లు నిండకముందే ఆమె చనిపోతే కుటుంబానికి పెన్షను అడిగే హక్కు కూడా మిగులుతుంది.

లెక్క వేసి చూద్దాం. మూలవేతనం, కరువుభత్యం కలిపి 12,000 రూపాయలనుకోండి. ఏడేళ్లకు పెన్షను మూట తీసుకుంటే సుమారు ఏడు నెలల జీతం, అంటే ఎనభై అయిదు వేలు చేతికొస్తుంది. అలా తీసుకోకుండా, తర్వాత మూడేళ్లు చేసి పదేళ్లు నింపితే? జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. అదే జీతం మీద నెలకు 1,714 రూపాయలు. అయిదేళ్లు తిరక్కముందే ఎనభై అయిదు వేలు దాటిపోతుంది. ఆమె తర్వాత భర్త బతికి ఉంటే ఆయనకూ పెన్షను వస్తుంది. 1,714 రూపాయలు ఏపాటి అంటారేమో. కొడుకు చేతిని చూడకుండా నెలకు సరిపడా మందులు కొనుక్కోగల ముసలమ్మను అడగండి.

మళ్లీ ఉద్యోగం దొరక్క పదేళ్లు నిండకపోతే ఎలా అని సందేహం రావచ్చు. అప్పుడు 58వ ఏట ఆ సర్టిఫికెట్టు మీదే డబ్బు తీసుకోవచ్చు. ఈలోగా వడ్డీకి పెరగదు గాని ఎక్కడికీ పోదు. ఇక తొమ్మిదిన్నరేళ్లు దాటినవారికి అది పదేళ్లుగానే లెక్క. వారికి పెన్షను హక్కు వచ్చేసినట్టే. కావాలంటే 50 నుంచే తీసుకోవచ్చు గాని, ముందుగా తీసుకున్న ప్రతి ఏడుకూ నూటికి నాలుగు చొప్పున తగ్గిస్తారు. తొమ్మిదేళ్ల దగ్గర ఉన్నవాళ్లు మాత్రం ఇంకో ఆరేడు నెలలు ఎలాగైనా నెట్టుకురాగలరేమో ఇంట్లో మాట్లాడుకోండి. ఆడపడుచో మరిదో ఆ కాస్త కాలం వంతు తీసుకుంటే చాలు.

ఇంట్లో జబ్బు ఉన్నప్పుడు డబ్బు కావాలి, నిజమే. మొదటి మూట అందుకే ఉంది. కుటుంబంలో పెద్ద జబ్బుకు ఉద్యోగంలో ఉంటూనే అందులోంచి అడ్వాన్సు అడగవచ్చు. 2016 ఏప్రిల్‌లో బెంగుళూరు గార్మెంట్సు ఆడవాళ్లు వేలమంది రోడ్డెక్కింది ఈ పి.ఎఫ్. మూట కోసమే. యజమాని వంతును 58 ఏళ్ల దాకా ఇవ్వమన్న నిబంధనను కేంద్రం అప్పుడు వెనక్కి తీసుకుంది. వాళ్లు అడిగింది న్యాయం. నేను వద్దంటున్నది రెండో మూటను ముట్టుకోవడం ఒక్కటే.

మానేముందు ఒక పని చేయండి. ఆధారు, బ్యాంకు పుస్తకం, యు.ఏ.ఎన్. అనే పన్నెండంకెల పి.ఎఫ్. నంబరు, ఈ మూడింటిలో పేరు ఒకేలా ఉందా చూసుకోండి. మన సరిహద్దువాళ్లకు ఈ తంటా ఎక్కువ. ఒకచోట తమిళ పద్ధతిలో ముందు ఇనిషియలు, ఇంకోచోట కన్నడ పద్ధతిలో వెనుక భర్త పేరు, మరోచోట రత్నమ్మ కాస్తా రత్నా అయిపోతుంది. కంపెనీలో ఉండగా సరిచేయించుకోవడం సులువు. మానిన తేదీ ఖాతాలో ఎక్కిందో లేదో కూడా చూడండి. త్వరలో వేరే ఉద్యోగంలో చేరేవారు అదే యు.ఏ.ఎన్. నంబరు ఇచ్చి పాత ఖాతాను బదిలీ చేయించుకుంటే సరిపోతుంది.

ఇక ఫ్యాక్టరీ ముఖం చూడకుండా మొదటినుంచీ ఇంట్లోనే అత్తమామలను చూసుకుంటున్నవారికి 2015లో మొదలైన అటల్ పెన్షన్ యోజన ఉంది. 18 నుంచి 40 ఏళ్లలోపు, ఆదాయపు పన్ను కట్టనివారు బ్యాంకులోగాని పోస్టాఫీసులోగాని చేరవచ్చు. 30 ఏళ్ల వయసులో చేరితే నెలకు 116 రూపాయలు కట్టాలి, 60 తర్వాత నెలకు 1,000 రూపాయలు వస్తాయి. 40వ ఏట చేరితే అదే వెయ్యికి నెలకు 291 రూపాయలు కట్టవలసి వస్తుంది.