చిన్న హోటలులో సంగీతము

అచ్చంపేట బస్సు స్టాండు సమీపమున పది బల్లల ఫలహారశాల నడపు యజమాని యొకడు, తన హోటలులో పాటలు వినిపించుటకు ఎట్టి యంత్రమును కొనవలెనని మమ్ము అడిగినాడనుకొందము. అతని చూపు మొదట పడునది పెండ్లిపందిళ్లలో నిలుపు పెద్ద పెట్టెలమీదనే. ధర హెచ్చినచో ధ్వనియు మేలుగా నుండునను నమ్మకము మనవారిలో బలముగా కలదు. మేము మాత్రము అతనిని ముందుగా ఒక్క మాట అడిగెదము: మీ బల్లవద్ద కూర్చున్నవాడు పాట వినుటకు వచ్చినాడా, ఇడ్లీ తినుటకు వచ్చినాడా?

శ్రీశైలము పోవువారు, ఉమామహేశ్వరము చూచి వచ్చువారు, మన్ననూరు, అమ్రాబాదుల నుండి కచేరీ పనిమీద దిగినవారు అచట కూర్చుందురు. వారికి తమ మాట తమకు వినబడవలెను. కండక్టరు కేకయు వినబడవలెను. అది వినబడక బస్సు తప్పినవాడు మఱల ఆ గడప తొక్కడు.

ఇక గది సంగతి. క్రింద షాబాదు బండలు, పైన సిమెంటు కప్పు, గోడలకు నున్నని పలకలు. ఇట్టి గదిలో ధ్వని ఇంకదు. గోడనుండి గోడకు తిరుగుచుండును. గ్లాసుల చప్పుడు, పెనముమీది సవ్వడి, సర్వరు కేక అన్నియు కలిసి ముద్దయగును. చప్పుడు పెరిగిన కొలది మనుష్యులు తమకు తెలియకయే గొంతు పెంచుదురు. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లంబార్డు 1911లోనే ఈ సంగతిని ప్రకటించెను. యజమాని పాట పెంచును, తినువారు గొంతు పెంచుదురు, అది విని అతడు మఱల పాట పెంచును! కావున యంత్రమునకు పెట్టదలచిన ధనములో కొంత దళసరి తెరలకును, కప్పు క్రింద ధ్వనిని పీల్చు పలకలకును వెచ్చించుట మేలు.

ఒక పెద్ద పెట్టెకంటె నాలుగు చిన్న స్పీకర్లు మంచివి. ఆరుబయట దూరము రెట్టింపైనచో ధ్వని 6 డెసిబెల్లు తగ్గును. గదిలో అంతగా తగ్గకపోయినను, పెట్టె ప్రక్కనున్నవాని చెవులు హోరెత్తుచుండగా మూలనున్నవానికి పాట సరిగా అందదు. చిన్నవి నాలుగు ప్రక్కల అమర్చి మెల్లగా మ్రోగించినచో అందఱికిని ఇంచుమించు ఒకే తీరున వినవచ్చును. స్టీరియో ఇచట పనికిరాదు. ఎడమ పెట్టె క్రింద కూర్చున్నవానికి సగము పాటయే దక్కును. అన్నింటను ఒకే ధ్వని రావలెను. తీగ పొడవుగా లాగవలసి వచ్చినచో 100 వోల్టుల లైను పద్ధతి అనుకూలము. స్పీకరునకు 5 వాట్ల చొప్పున నాలుగింటికి 20 వాట్లు. 30 వాట్ల ఆంప్లిఫయరు చాలును. వాట్లు రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెల్లే. ఈ మాట అంగడివాడు సాధారణముగా చెప్పడు.

పరీక్షించి చూచుట మధ్యాహ్నము, బల్లలన్నియు నిండియున్నప్పుడు జరుగవలెను. ఖాళీ గదిలో వినిన ధ్వని వేఱు. మంద్రస్వరములను తగ్గించి వినుడు. బండల గదిలో అవియే మాటలను మ్రింగివేయును.

పాట ఎవరి సొత్తను ప్రశ్నయు కలదు. ఇంట వినుటకు చందా కట్టిన ఫోను పాటలను హోటలులో వినిపించుటకు ఆ చందా హక్కునీయదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కుదారుల అనుమతిని వేఱుగా పొందవలెను.

ధ్వని తగ్గించు మీట గల్లాపెట్టె వద్దనే ఉండవలెను, వంటింటిలో కాదు. బస్సు వచ్చినప్పుడును, వీధిలో శవయాత్ర సాగునప్పుడును యజమాని కూర్చున్నచోటినుండియే చేయి చాచి దానిని త్రిప్పవచ్చును.